ఎండా నీడా

మా చెల్లెలు నాకంటే మూడేళ్లు చిన్నది. పెళ్లిళ్లలో మాత్రం దాన్ని చూపించి "మీ అక్కా?" అని అడుగుతారు. నేను హోసూరు బడిలో నీడపట్టున పాఠాలు చెప్పాను. అది ముప్పయ్యేళ్లుగా రాగిచేలల్లో కలుపు తీస్తోంది. నా మొహం నునుపు నలుగుపిండి మహిమంటే నవ్వొస్తుంది. చర్మాన్ని ముడతలు పెట్టేది ముఖ్యంగా ఎండ; తర్వాత పొగ. రంగేస్తే జుట్టు నల్లబడుతుంది, అంతే.

2009లో వెలువడిన డెన్మార్కు పరిశోధన ఒకటుంది. 70 ఏళ్లు పైబడిన 1826 మంది కవలల ఫోటోలు చూసి ఇతరులు వయసు అంచనా కట్టారు. జంటలో ముసలిగా కనబడినవారే ఎక్కువగా ముందు పోయారట. అది చదివినప్పటినుంచి "నీకు వయసే తెలీదమ్మా" అన్న మాట చెవికింపుగా లేదు. చెల్లెల్ని రక్తపరీక్షకు రమ్మన్నాను.

"కలుపు కానీ అక్కా, వస్తా" అంది.