తేలే మాత్ర

జూలై 4

ఇవాళ్టి బ్యాచ్ తేలింది. జార్‌లో 900 మిల్లీలీటర్ల పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం, 37 డిగ్రీల వేడి, నెమ్మదిగా తిరిగే తెడ్డు. షుగర్ మందు మెట్‌ఫార్మిన్ మాత్ర ముందు అడుక్కి చేరింది. తడి తగలగానే అందులోని సోడియం బైకార్బొనేట్ నురగెత్తింది. ఆ గాలిబుడగలు హెచ్‌పీఎంసీ అనే పాలిమర్ జిగురులో చిక్కుకున్నాయి. మాత్ర ఉబ్బి పైకి లేచింది, సాయంత్రం దాకా దిగలేదు. ఎంత సంతోషమేసిందో!

ఈ మందు ఒంటికి పట్టేది ఎక్కువగా చిన్నపేగు పైభాగంలోనే. ఆ చోటు దాటిపోయింది చాలావరకు వృథా. అందుకే దాన్ని కడుపులోనే ఆపి, కొద్దికొద్దిగా కిందికి వదలాలని ఇంత తాపత్రయం.

జూలై 6

జార్ కడుపు కాదు. పరగడుపున గంటన్నరకో రెండు గంటలకో ఒక బలమైన అల వచ్చి కడుపును ఊడ్చేస్తుంది. మాత్ర తేలుతున్నా దానికి లెక్కలేదు. అసలు అప్పుడు తేలడానికి నీళ్లేవి? అన్నం తిన్నాక ఆ అల ఆగుతుంది. కడుపు మెతుకుల్ని నలిపి, సన్నటి ముక్కల్నే పేగులోకి పంపుతుంది, పెద్దవాటిని వెనక్కి నెడుతుంది. మాత్రకు దొరికే గడువంతా ఆ భోజనం పెట్టిన భిక్షే.

జూలై 9

రేడియోధార్మిక టెక్నీషియం కలిపిన మాత్రలను గామా కెమెరాతో వెంబడించిన పాత అధ్యయనాలు చదివాను. మనిషి నిటారుగా ఉంటే తేలే మాత్ర పైన నిలుస్తుంది. పడుకుంటే ఆ మేలును నమ్మలేం. రాత్రి తిని, మాత్ర మింగి, వెంటనే నడుం వాల్చే పెద్దవాళ్లు ఎంతమంది! ఒక్క తేలడాన్నే నమ్ముకోవడం నాకిక ఇష్టం లేదు, ఉబ్బడమూ కావాలి. అమెరికాలో 2005లో అనుమతి పొందిన గ్లూమెట్జా 500 మిల్లీగ్రాముల మాత్ర ఉబ్బే పాలిమర్‌తో చేసిందే. దాన్నీ రాత్రి భోజనంతోనే వేసుకోమంటారు.

జూలై 12

పెద్దమ్మ ఫోన్ చేసింది. డాక్టరు షుగర్‌కి రోజుకొక్కటే వేసుకునే మాత్ర రాశాడట. “ఇంత లావుంది, గొంతు దిగట్లేదే. విరిచి వేసుకోనా?”

“వద్దు పెద్దమ్మా! విరిస్తే రోజంతా రావాల్సిన మందు ముందే వచ్చేస్తుంది. డాక్టరు గారికే చెప్పు, వేరే రకం రాస్తారు.”

కడుపులో నిలవాలంటే పెద్దదవ్వాలి, గొంతులో చిన్నదిగా ఉండాలి. మోతాదే 500 మిల్లీగ్రాములు, దాన్ని తగ్గించలేను. జిగురు, ఆకారం మాత్రం నా చేతిలో ఉన్నాయి. మాత్రను అచ్చొత్తే గుండ్రటి పంచ్ తీయించేసి, రేపటి ట్రయల్‌కి సన్నటి కోలపంచ్ పెట్టించాలి. “భోజనం తర్వాత, విరవకుండా” అన్న మాట స్ట్రిప్ మీద తెలుగులో కూడా వేయమని ప్యాకింగ్ వాళ్లను అడగాలి.