వెనక సీటు మర్యాద

కార్ల గురించి మాట్లాడేవాళ్ళందరూ డ్రైవరు సీట్లో కూర్చునే మాట్లాడతారు. ఈ మధ్య నాకిది మరీ చిరాకు పుట్టిస్తోంది. పత్రిక తిరగేసినా, వీడియో పెట్టినా, పెళ్ళి భోజనాల దగ్గర బంధువుల కబుర్లు విన్నా ఇదే వరస. స్టీరింగ్ ఎలా తిరుగుతుంది, గేరు ఎంత చప్పున పడుతుంది, తెర ఎన్ని అంగుళాలు అని గంటసేపు సాగదీస్తారు. వెనక కూర్చునే మనిషి సంగతి వచ్చేసరికి "ఇద్దరికి బాగానే ఉంటుంది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ ఇద్దరికీ వయసెంత, మోకాళ్ళ నొప్పులున్నాయా, చీర కట్టుకున్నారా, ఒళ్ళో పసిబిడ్డ ఉందా, కాళ్ళ దగ్గర ప్రసాదం బుట్ట ఉందా అని అడిగే నాథుడు లేడు.

మా మేనల్లుడు చెన్నై పక్కన ఒరగడం వైపు ఉద్యోగం చేస్తాడు. వాడికిప్పుడు కారు యోగం పట్టింది. "మామయ్యా, వెర్నా తీసుకోనా, ఇంకాస్త అప్పు పెంచి బీఎండబ్ల్యూ టూ సిరీస్‌కి వెళ్ళనా?" అని ప్రతి ఆదివారం అడుగుతున్నాడు. బండిమీద ఉండే బొమ్మ సంగతి అందరూ వాడికి చెప్పారు. వెనక తలుపు సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ పని నేను పెట్టుకున్నాను.

ఈ రెండు బండ్ల పోటీ చెన్నైవాళ్ళకు ఇంటి తగవే. రెండూ మన ఊరి చేతుల్లోనే తయారవుతున్నాయి. హ్యుందాయ్ 1996లో శ్రీపెరుంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో కాలు పెట్టింది. బెంగుళూరు రోడ్డు పక్కనున్న ఆ ఫ్యాక్టరీ నుంచి 1998లో శాంట్రో, ఆ మరుసటి ఏడు యాక్సెంట్ వచ్చాయి. ఆ యాక్సెంట్ వారసత్వమే నేటి వెర్నా. బీఎండబ్ల్యూ 2007లో గ్రాండ్ సదరన్ ట్రంక్ (జీఎస్టీ) రోడ్డు మీద సింగపెరుమాళ్ కోయిల్ దాటాక మహీంద్రా వరల్డ్ సిటీలో దుకాణం తెరిచింది. టూ సిరీస్ గ్రాన్ కూపేని 2020 అక్టోబరులో విడుదల చేసినప్పుడు అక్కడే బిగించి అమ్మింది. ఒరగడంలో నిలబడితే ఒక వైపు రోడ్డు ఇరుంగాట్టుకోట్టైకి, ఇంకో వైపు రోడ్డు మహీంద్రా సిటీకి దారి తీస్తుంది. మా వాడు సరిగ్గా ఆ రెండింటి మధ్య కూర్చుని ఉద్యోగం చేస్తున్నాడు. వాడి సందిగ్ధం భౌగోళికంగా కూడా నిజమే.

ఇప్పుడు కొలతలు చూద్దాం. 2023 మార్చిలో వచ్చిన వెర్నా వీల్‌బేస్ 2670 మిల్లీమీటర్లు. 2020 నాటి గ్రాన్ కూపే వీల్‌బేస్ కూడా అక్షరాలా 2670. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య రెండు బండ్లకూ దక్కిన జాగా ఒక్కటే. మొత్తం పొడవులో వెర్నా 4535, గ్రాన్ కూపే 4526. అంటే వెర్నాయే కాస్త పొడుగు. డిక్కీ వెర్నాకు 528 లీటర్లు, గ్రాన్ కూపేకు 430. వెడల్పులో మాత్రం గ్రాన్ కూపే 1800 మిల్లీమీటర్లతో వెర్నా 1765ని దాటింది. ఎత్తులో వెర్నా 1475, గ్రాన్ కూపే 1420. నా వాదనంతా ఈ 55 మిల్లీమీటర్ల దగ్గరే ఉంది.

గ్రాన్ కూపే పైకప్పు డ్రైవరు తల దాటాక వెనక్కి వాలిపోతుంది. రోడ్డు పక్కన నిలబడి చూస్తే ఆ వాలు అందంగా ఉంటుంది. అద్దాలకు చట్రాలు లేని తలుపులు ఆ అందాన్ని ఇంకా పెంచుతాయి. కానీ ఆ వాలు కింద కూర్చోవలసింది చూసేవాడు కాదు. మా పెద్దమ్మకు డెబ్బై దాటాయి. అలాంటి బండిలోకి ఎక్కాలంటే ముందు నడుం వంచాలి, తల వంచాలి, ఒక కాలు లోపల పెట్టి ఒరిగి కూలబడాలి, ఆ తర్వాత రెండో కాలు చేత్తో ఎత్తి లోపలికి తెచ్చుకోవాలి. దిగేటప్పుడు ఇదంతా తిరగేసి చెయ్యాలి. గుడి ముందు, నలుగురి కళ్ళ ముందు. లక్షలు పోసి కొన్న బండి ఇంటికి పెద్దదైన మనిషిని అలా వంగదీయడం నాకు సమ్మతం కాదు.

ఇక్కడ అంబాసిడర్ని తలుచుకోకుండా ముందుకు పోలేను. అంబాసిడర్ వీల్‌బేస్ 2464 మిల్లీమీటర్లే. ఈ రెండు కొత్త బండ్లకన్నా 206 తక్కువ. అయినా వెనక సీట్లో ఎంత చోటుండేది! ఆ మర్మం ఎత్తులో ఉంది. ఆ బండి 1600 మిల్లీమీటర్ల ఎత్తు. గ్రాన్ కూపే కన్నా దాదాపు జానెడు ఎక్కువ. ఎత్తు ఉంటే మనిషి కుర్చీలో కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంటాడు, మోకాళ్ళు కిందికి దిగుతాయి, ముందు సీటు దాకా జాగా దానంతటదే మిగులుతుంది. ఎత్తు తగ్గిస్తే మనిషిని పడుకోబెట్టాలి, కాళ్ళు ముందుకు చాస్తాడు, ఎంత వీల్‌బేస్ ఇచ్చినా చాలదు.

మా చిన్నప్పుడు ఉత్తర చెన్నైలోని మనలి నుంచి నెల్లూరు ప్రయాణమంటే అద్దె అంబాసిడరే. పొన్నేరి దారిన పోయి, గుమ్మిడిపూండి దాటి, తడ దగ్గర ఆంధ్రాలో అడుగుపెట్టగానే బండిలో అందరి గొంతులూ ఒక మెట్టు పెరిగేవి. అవ్వ ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చునేది. ఆ చోటు ఆమెది. పిల్లలం ఎంత ఏడ్చినా దక్కేది కాదు. సూళ్ళూరుపేట దాటాక వక్కాకు నమిలి, కిటికీలోంచి పొలాలు చూస్తూ ఏ ఊళ్ళో ఎవరిని ఎవరికిచ్చారో వరసపెట్టి చెప్పేది. నాయుడుపేటలో కాఫీకి ఆగితే గంజి పెట్టిన నేత చీర నలగకుండా, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగేది. తలుపు తెరిస్తే పాదం నేరుగా నేలమీద ఆనేది. గూడూరులో బంధువులు ఎదురొచ్చి నమస్కారం పెడితే బండిలో కూర్చునే దర్జాగా ఆశీర్వదించేది. ఆ బండికి ఏసీ లేదు, పవర్ స్టీరింగ్ లేదు, బ్రేకు వేస్తే ఎప్పుడాగుతుందో దేవుడికెరుక. వాటిని ఎవరూ వెనక్కి కోరుకోరు. కానీ ఆ బండి గీసినవాళ్ళు వెనక కూర్చునే మనిషిని ముందు కూర్చోబెట్టి, ఆ తర్వాత చుట్టూ రేకు కట్టారు. 2014లో అంబాసిడర్ ఆగిపోయింది. ఆ పద్ధతి కూడా దానితో పాటే పోవలసిన అవసరం లేదు.

వెర్నా పైకప్పు కూడా వెనక్కి వాలేదే. అది అంబాసిడర్ కాదు. కానీ పాత వెర్నా వీల్‌బేస్ 2600 ఉంటే కొత్తదానికి 70 పెంచారు. ఆ పెంపులో వెనక మోకాళ్ళకూ వాటా అందింది. కొనేవాళ్ళ ఇళ్ళల్లో ఎవరు వెనక కూర్చుంటారో తెలిసిన పని అది.

ఓసారి షోరూముకు పెద్దమ్మను కూడా తీసుకెళ్ళాం. అక్కడి కుర్రాడు మేనల్లుడికి ముందు తలుపు తెరిచాడు, సీటు సర్దాడు, బటన్లన్నీ నొక్కి చూపించాడు. పెద్దమ్మ వెనక తలుపు దగ్గర నిలబడింది. ఆమెకు తలుపు తీసిచ్చినవాడు లేడు. నేనే తీసి కూర్చోబెట్టాను. "ఎలా ఉందమ్మా?" అని ఆ పిల్లవాడు ఒక్కసారి అడిగి ఉంటే ఆమె పదేళ్ళు చెప్పుకునేది. కారు అమ్మడం నేర్పే ప్రతిచోటా మొదటి పాఠంగా వెనక తలుపు తెరవడం నేర్పాలి. ఇంట్లో ఏ బండి కొనాలో చివరి మాట చెప్పేది చాలాసార్లు ఆ తలుపులోంచి ఎక్కే మనిషే.

ధర సంగతికి వద్దాం. వెర్నా వచ్చినప్పుడు 10.90 లక్షల నుంచి 17.38 లక్షల దాకా పెట్టారు. గ్రాన్ కూపే 2020లో 39.30 లక్షల దగ్గర మొదలైంది. 2025లో వచ్చిన కొత్త రూపం ధర అప్పుడు 46.90 లక్షలు. ఆ కొత్తదానిలో ఒకటిన్నర లీటరు మూడు సిలిండర్ల టర్బో ఇంజను, 156 హార్స్‌పవర్. వెర్నా టర్బోలో ఒకటిన్నర లీటరు నాలుగు సిలిండర్ల ఇంజను, 160 హార్స్‌పవర్. రెండింటిలోనూ ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ దొరుకుతుంది. రెండూ ముందు చక్రాలతో లాగే బండ్లే. బీఎండబ్ల్యూ అంటే వెనక చక్రాలు నెట్టే బండి అని మూడు తరాలు ఆరాధించాయి. త్రీ సిరీస్‌ని ప్రేమించినవాళ్ళు ప్రేమించింది దాన్నే. చిన్నదానిలో ఆ గుణం లేదు, ముందరి బొమ్మ మాత్రం అదే. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మార్చాక నాలుగు మీటర్లు దాటిన పెట్రోలు, డీజిలు కార్లకు 40 శాతం పన్ను. ఆ లెక్కలో సర్కారు కూడా ఈ రెండింటినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టింది.

న్యాయం న్యాయమే. గ్రాన్ కూపే వెనక చక్రాలకు మల్టీలింక్ సస్పెన్షన్ ఉంది, వెర్నాకు టార్షన్ బీమ్. నెల్లూరు హైవే మీద వంద దాటాక, వంతెన అతుకుల మీద, మలుపు మధ్యలో గతుకు తగిలినప్పుడు ఆ తేడా నడిపేవాడి నడుముకు తెలుస్తుంది. ముందు సీట్లు నిజంగా గొప్పవి. తలుపు మూసుకున్న చప్పుడులోనే పనితనం తెలుస్తుంది. ఒంటరిగా, లేదా భార్యతో ముందు సీట్లలో కూర్చుని తిరిగేవాడికి అది చక్కటి బండి, నేను కాదనను. వెర్నా కూడా తీసిపారేసేది కాదు. 2023 అక్టోబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దలకూ పిల్లలకూ ఐదేసి నక్షత్రాలు తెచ్చుకుంది. చవకబండి అంటే పల్చటి రేకు అనే రోజులు దానికి వర్తించవు.

పేరును నమ్మి కొనడం ఎంత చేటో ఈ ఊరు ఒకసారి చూసింది. వండలూరు వైపున్న స్టాండర్డ్ మోటార్స్ ఒకప్పుడు హెరాల్డ్ అనే ముచ్చటైన చిన్న కారు చేసింది. అదే కంపెనీ 1985లో స్టాండర్డ్ 2000 అనే పెద్ద విలాసవంతమైన కారు తెచ్చింది. పైన ఇంగ్లండులో పెద్ద ఇంజన్లతో పరుగెత్తిన రోవర్ ఎస్‌డీవన్ ఒళ్ళు, లోపల పాత వాన్‌గార్డ్ కాలపు ఇంజను వంశం. ఆ ఒంటికి ఆ గుండె చాలలేదు. 1988 నాటికి కారూ పోయింది, కార్ల ఫ్యాక్టరీ కూడా మూతపడింది. హెరాల్డ్ చేసిన చేతులు అలా ఖాళీ అయిపోవడం నాకు ఇప్పటికీ కడుపుమంటే. మధ్యతరగతికి మంచి బండి చేయగలిగినవాళ్ళు గొప్పవాళ్ళ బొమ్మ వెంట పడి పోయారు.

ఇక మనలి రోడ్లు. మాకు ఇక్కడ కార్ల ఫ్యాక్టరీ లేదు. మాది చమురు ఊరు. 1965లో భారత ప్రభుత్వం, అమెరికా అమోకో, ఇరాన్ జాతీయ చమురు సంస్థ కలిసి పెట్టిన మద్రాస్ రిఫైనరీస్ 1969లో ఇక్కడే పని మొదలుపెట్టింది. దక్షిణాన, పడమరన తయారైన బండ్లకు ఉత్తరాన మేము పెట్రోలు వండుతాం. కంటైనర్లు రేవులకు పోయే దారి, కొత్త కార్లను రెండంతస్తులుగా మోసుకుంటూ ట్రైలర్లు ఎన్నూరు పోయే దారి కూడా మాదే. ఆ బరువులకు తారు లేచిపోతుంది, గుంతలు పడతాయి, వానొస్తే ఆ గుంతల లోతు నీళ్ళ కింద దాక్కుంటుంది. వెర్నాకు 205/55 ఆర్16 టైరు. రిమ్ముకూ రోడ్డుకూ మధ్య 113 మిల్లీమీటర్ల రబ్బరు. 2020 నాటి ఎమ్ స్పోర్ట్ గ్రాన్ కూపేకు 225/40 ఆర్18, అంటే 90 మిల్లీమీటర్లే. పైగా గాలి పోయినా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లు కాబట్టి పక్కలు గట్టివి. మాధవరం దాకా పోయే దారిలో ఆ 23 మిల్లీమీటర్ల రబ్బరు విలువ ఎంతో వెనక కూర్చున్న పెద్దమ్మ నడుమే చెప్పగలదు.

అందుకే మేనల్లుడికి చెప్పాను: బండిని పరీక్షించదలిస్తే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద కాదు, శుక్రవారం పెద్దమ్మను ఎక్కించుకుని తిరువొత్తియూరు దాకా పోయి రా. పక్క ఊరే. త్యాగరాజస్వామి గుడి ముందు ఆమె ఎలా దిగుతుందో చూడు.

ఆ గుడి తలుచుకుంటే నా మనసు ఇంక కార్ల మీద నిలవదు. తిరువయ్యారు త్యాగయ్య ఆ దారిన పల్లకీలో వచ్చాడు. కోవూరు సుందర ముదలియార్ ఆతిథ్యం పొంది, శిష్యుడు వీణ కుప్పయ్యర్ ఉన్న తిరువొత్తియూరు చేరాడు. ముదలియార్ వెయ్యి బంగారు నాణేలు ఆయనకు చెప్పకుండా పల్లకీలో దాచాడనీ, అడవి దారిలో దొంగలు పడ్డాక గానీ స్వామికి తెలియలేదనీ కథ చెబుతారు. తన పల్లకీలో విలువైనది ఏముందో ఆయనకు తెలుసు. అది ఆ నాణేలు కాదు.

ఇక్కడి త్రిపురసుందరి మీద ఆయన ఐదు కృతులు కట్టాడు. ఆరభి, కల్యాణి, బేగడ, సావేరి, శుద్ధసావేరి. ఐదూ తెలుగే. తమిళులు వడివుడై అమ్మన్ అని కొలిచే తల్లికి తెలుగులో అంత అందమైన నివాళి ఇంకెక్కడుంది? కుప్పయ్యర్ తన కొడుక్కి గురువు పేరే పెట్టుకున్నాడు. ఆ తిరువొత్తియూరు త్యాగయ్య శహానలో కట్టిన వర్ణం సంగీతం నేర్చుకునే పిల్లలు ప్రతి ఊళ్ళోనూ పాడతారు. విజయవాడలో పాడతారు, హైదరాబాదులో పాడతారు, అమెరికాలో తెలుగువాళ్ళ ఇళ్ళల్లో పాడతారు. ఆ వర్ణకర్త పేరులో ఉన్న ఊరు ఫ్యాక్టరీల పొగ, కంటైనర్ల రొద మధ్య ఉందని వాళ్ళకు ఎవరూ చెప్పరు. ఉత్తర చెన్నై అంటే చమురూ మురికీ అనుకునేవాళ్ళకు ముందు ఈ ఐదు కృతులు వినిపించాలి. మనలి, తిరువొత్తియూరు తెలుగు పిల్లలకు ఇవి తమ వీధి పాటలని చిన్నప్పుడే నేర్పాలి. ఆ పని బడి చేయకపోతే ఇళ్ళు చేయాలి, ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చేయాలి.