గీటురాయి

బంగారం నిగ్గు గీటురాయి మీదనే తేలుతుంది. యంత్రానికి కూడా అటువంటి గీటురాయి ఒకటి ఉన్నదని నాకు ఆలస్యంగా తెలిసింది.

నేను కొన్నేళ్లుగా ప్రబంధాలలోని అరుదైన పదాలకు అర్థసూచిని సమకూరుస్తున్నాను. ఉత్తరాలు రాసుకొన్నంతసేపు మా ఇంటి కంప్యూటరు బుద్ధిగా పనిచేసేది. పాత ముద్రణల నుండి తీసిన వందలాది పుటల చిత్రాలను ఒక్కసారిగా శుద్ధి చేయమంటే మాత్రం హఠాత్తుగా ఆగిపోయేది. ఒక వేసవి రాత్రి అలా ఆగిపోయి తిరిగి లేచేసరికి, కకారాది పదాల ఫైలు తెరుచుకోలేదు. రెండేళ్ల శ్రమ అది. ఆ రాత్రి నాకు కంటిమీద కునుకు లేదు.

మరునాడు, కంప్యూటర్లు బాగుచేసే నా పూర్వవిద్యార్థి వచ్చాడు. “మాస్టారూ, తేలిక పనుల్లో దీని లోపం బయటపడదు. బరువు పెట్టి చూడాలండీ” అంటూ ప్రైమ్95 అనే ప్రోగ్రామును నడిపాడు. 3, 7, 31, 127 వలె, రెండు యొక్క ఘాతం నుండి ఒకటి తీసివేయగా వచ్చే ప్రధాన సంఖ్యలను మెర్సెన్ ప్రధానాలంటారు. వాటి అన్వేషణకై 1996లో జార్జ్ వోల్ట్‌మన్ ప్రారంభించిన ఉద్యమానికి ఈ ప్రోగ్రామే సాధనం. ఇందులోని పరీక్ష, ప్రాసెసరు చేత ఎడతెగని గుణకారాలు చేయించి, వచ్చిన ఫలితాన్ని ముందే తెలిసిన సరియైన ఫలితంతో పోల్చిచూస్తుంది.

నాకు అవధాన సభ గుర్తుకు వచ్చింది. ఒకరు అక్షరాన్ని నిషేధిస్తూ, మరొకరు సమస్యనిస్తూ, వేరొకరు అప్రస్తుత ప్రసంగంతో ఏకాగ్రతను చెదరగొడుతున్నా, చెప్పిన పద్యాలన్నింటినీ అవధాని చివరకు ధారణ చేయాలి. తీరికగా ఒక పద్యం చెప్పడం వేరు, ఇది వేరు.

పది నిమిషాలలో వేడిమి నూరు డిగ్రీలకు చేరింది. లెక్కలో ఒక తప్పు దొర్లింది. అతడు వెంటనే పరీక్ష ఆపాడు. “ఆగిపోవడం కంటే ఇది ప్రమాదమండీ” అన్నాడు. నిజమే. 1994లో అమెరికా గణితాచార్యుడు థామస్ నైస్లీ, ఇంటెల్ వారి పెంటియం ప్రాసెసరు కొన్ని భాగహారాలను తప్పుగా చేస్తున్నదని కనుగొన్నాడు. అక్కడిది వేడిమి దోషం కాదు, రూపకల్పనలోని లోపం. అయినా ఆ యంత్రం ఆగలేదు. తప్పును కూడా ఒప్పంత ధీమాగా చెప్పింది.

పెట్టె విప్పి చూడగా, ఫ్యాను కింది రేకుల మధ్య ధూళి దూదిలా పేరుకొని ఉంది. ప్రాసెసరు వేడిని ఆ రేకులకు చేరవేసే లేపనం ఎండి సుద్దలా మారింది. అతడు ధూళి దులిపి, కొత్త లేపనం పూశాడు.

“మరి ఇన్నాళ్లూ ఇది మందకొడిగా ఎందుకు నడిచింది, నాయనా?” అని అడిగాను.

“వేడెక్కితే ప్రాసెసరు తనంతట తానే వేగం తగ్గించుకుంటుందండీ. అది బద్ధకం కాదు మాస్టారూ, తనను తాను కాపాడుకోవడం.”

ఆ మాట నన్ను తాకింది. ఒకప్పుడు నా తరగతిలో నిద్రతో తూగుతున్నాడని, ఇతడినే బద్ధకస్తుడని నలుగురిలో నిలబెట్టాను. రాత్రులు తండ్రి టిఫిన్ హోటలులో పనిచేసి వస్తున్నాడని అప్పుడు నేను అడిగి తెలుసుకోలేదు. అతడు ఆ సంగతి మనసులో ఉంచుకొని అన్నాడో లేదో తెలియదు. “ఆనాడు నిన్ను తొందరపడి నిందించాను” అన్నాను. అతడు నవ్వి, స్క్రూలు బిగించసాగాడు.

ఆ రాత్రి ఎనిమిది గంటలపాటు పరీక్ష సాగింది. వేడిమి డెబ్బై అయిదు డిగ్రీలు దాటలేదు. ఒక్క తప్పూ రాలేదు. పోయిన ఫైలు మాత్రం తిరిగి రాలేదు. పాత చిత్తుప్రతులను ముందుంచుకొని కకారాన్ని మళ్లీ రాస్తున్నాను. ప్రతి సాయంత్రం దానికి మరొక ప్రతి తీసి వేరుగా భద్రపరుస్తున్నాను.

పరీక్ష లోపాన్ని చూపుతుంది. కారణాన్ని మాత్రం పెట్టె విప్పి మనమే వెతకాలి. తరగతిలో ఎవరైనా వెనుకబడినప్పుడు, ఇప్పుడు నేను ముందుగా ఆ పని చేస్తున్నాను.