ఆవు కాదు సార్, మా నాయనమ్మ



ఈసారి గోడపత్రికకు వ్యాకరణం మీద ఎవరైనా రాయండి అని తెలుగు సార్ అడిగితే అందరం తలలు దించుకున్నాం. తర్వాత నేను చెయ్యి ఎత్తాను. నాకు వ్యాకరణంలో మంచి మార్కులు వస్తాయని కాదు. ఒక్క సర్వనామం సరిగ్గా రాయక మా ఇంట్లో ఏం జరిగిందో మీలో చాలామందికి తెలియదు. అది చెప్పాలని రాస్తున్నాను.

మాది చర్ల దగ్గర అడవిలో చిన్న ఊరు. ఇంట్లో కోయ మాట్లాడతాం. ఆరో తరగతిలో ఇక్కడ చేరిన కొత్తలో ఒకరోజు "మా అక్కలు వచ్చాయి" అన్నాను. క్లాసంతా నవ్వింది. "అక్కలు వచ్చాయంట, మేకలు వచ్చాయంట" అని వారం రోజులు ఏడిపించారు. ఎందుకు నవ్వుతున్నారో నాకు తెలియలేదు. మా కోయలో అక్కలు ఎంతమంది వచ్చినా, మేకలు ఎన్ని వచ్చినా ఒకే తీరుగా చెప్తాం. మగవాళ్ళకే వేరు. నేను మా ఇంటి లెక్కలో సరిగ్గానే అన్నాను. ఆ నవ్వుల తర్వాత తెలుగులో మాట్లాడడం తగ్గించుకున్నాను. ఏమన్నా కావాలంటే చీటీ రాసి ఇచ్చేవాణ్ణి. చీటీ చూసి ఎవరూ నవ్వరు కదా అనుకునేవాణ్ణి.

ఏడో తరగతిలో మిరపకాయ కోతలప్పుడు అమ్మ, నాన్న కూలికి పోయారు. ఇంటి దగ్గర నాయనమ్మ, రెండో తరగతి చదివే మా చెల్లి. మా ఊళ్ళో ఫోను సిగ్నల్ అందదు. ఒక బుధవారం మా ఊరి మామ సంతకు వచ్చి, నన్ను గేటు దగ్గరికి పిలిపించి, నాయనమ్మ వాగు దగ్గర పడిందని, చెల్లి ఒక్కతే చూసుకుంటోందని చెప్పి పోయాడు. నేను వెంటనే సెలవు చీటీ రాశాను. అందులో ఇలా ఉంది:

"సార్, మా నాయనమ్మ ఆవును తోలుకొని అడవికి పోయింది. వాగు దగ్గర అది జారి పడ్డది. కాలు విరిగింది. నాకు సెలవు కావాలి."

వార్డెన్ సార్ చదివారు. "ఆవు కాలు విరిగితే పశువుల డాక్టరుకు చెప్పాలి గాని నువ్వు పోయి ఏం చేస్తావురా? పరీక్షలు దగ్గర పడ్డాయి. ఆదివారం పో" అన్నారు. 'ఆవు కాదు సార్, మా నాయనమ్మ' అనాలి. ఐదు మాటలే. నోటి దాకా వచ్చాయి, బయటికి రాలేదు. మళ్ళీ తప్పు మాట్లాడతానేమో అని భయం. తల ఊపి వచ్చేశాను. ఆ నాలుగు రాత్రులు నాకు అన్నం సహించలేదు.

ఆదివారం పోయి చూస్తే నాయనమ్మ కాలికి వెదురు బద్దలు కట్టి ఉన్నాయి. చెల్లి కుడి చేతికి గుడ్డ చుట్టి ఉంది. పొయ్యి మీద జావ దించబోతే చేతి మీద పడిందంట. "బుధవారమే చెప్పి పంపితిమి గదా, ఎందుకు రాలేదు?" అని నాయనమ్మ అడిగింది. సెలవు దొరకలేదు అన్నాను. నా చీటీ సంగతి చెప్పలేదు. ఇప్పటి వరకూ చెప్పలేదు.

సోమవారం తిరిగొచ్చాక వార్డెన్ సార్ "ఆవు ఎట్లా ఉందిరా?" అని అడిగారు. "ఆవు బాగానే ఉంది సార్. నాయనమ్మకే బాగలేదు" అన్నాను. సార్ కాసేపు మాట్లాడలేదు. ఫైల్లోంచి నా చీటీ తీసి మళ్ళీ చదివారు. ఆరోజే ఏఎన్ఎం గారికి కబురు చేసి, నాయనమ్మను 108లో పెద్దాసుపత్రికి పంపించారు. మర్నాడు ప్రార్థనలో "చీటీ అర్థం కాకపోతే నేను కూడా అడగాలి" అని అందరి ముందు అన్నారు.

తర్వాత తెలుగు సార్ నా పేరు చెప్పకుండా ఆ చీటీని బోర్డు మీద రాసి, "ఎవరు పడ్డారు?" అని అడిగారు. సగం మంది ఆవు అన్నారు, సగం మంది నాయనమ్మ అన్నారు. అప్పుడు సార్ చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తున్నాను.

పేరు చెప్పేది నామవాచకం. పేరుకు బదులు వచ్చేది సర్వనామం. నేను, నువ్వు, అతను, ఆమె, అది, వాళ్ళు, అవి ఇవన్నీ సర్వనామాలే. సర్వనామం పేరు రాయని ట్రంకుపెట్టె లాంటిది. ఎవరిదో పెట్టినవాడికి తెలుసు, చూసేవాడికి తెలియదు.

వ్యాకరణంలో మగవాళ్ళను చెప్పే మాటలు మహద్వాచకాలు. ఆడవాళ్ళను చెప్పేవి మహతీవాచకాలు. జంతువులను, వస్తువులను చెప్పేవి అమహద్వాచకాలు. తాత పడ్డాడు. నాయనమ్మ పడింది. ఆవు పడింది. చూడండి, ఆడమనిషి ఒక్కరే ఉంటే తెలుగులో కూడా క్రియ ఆవుతో సమానమే. ఎక్కువమంది ఉంటే మాత్రం తెలుగు వాళ్ళను మగవాళ్ళతో కలుపుతుంది: అక్కలు వచ్చారు, అన్నలు వచ్చారు, మేకలు వచ్చాయి. కోయలో ఎక్కువమంది ఉన్నా కలపదు. "వాడు అన్నది తప్పుడు మాట కాదు, వేరే భాష లెక్క" అని సార్ అన్నారు. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

దీన్ని బట్టి నాకు ఒకటి తెలిసింది. మా తాత పడి ఉంటే నాకు ఆరోజే సెలవు దొరికేది. "పడ్డాడు" అని రాసేవాణ్ణి, ఆవు అని ఎవరూ అనుకోరు. నాయనమ్మ కాబట్టి క్రియ కాపాడలేదు. సర్వనామమే కాపాడాలి. "ఆమె" అని రాసినా సరిపోయేది. "నాయనమ్మ జారి పడ్డది" అని పేరే మళ్ళీ రాస్తే ఇంకా మంచిది. ఒకే పేరు రెండుసార్లు రాస్తే బాగుండదని కొందరు అంటారు. సెలవు చీటీలో అందం ఎందుకు?

ఇంకో రెండు సంగతులు. మేము, మనం ఒకటి కాదు. వినేవాళ్ళు కూడా కలిస్తే మనం, కలవకపోతే మేము. "సార్, మనకు దుప్పట్లు చాలడం లేదు" అని రాస్తే వార్డెన్ సార్‌కు కూడా చలి పెడుతున్నట్టు అర్థం. "తన" అనేది మామూలుగా పని చేసినవాడిని పట్టుకుంటుంది. "అన్న తమ్ముడికి తన చొక్కా ఇచ్చాడు" అంటే చొక్కా అన్నది. "అతని చొక్కా" అంటే తమ్ముడిదో, ఇంకెవరిదో. మన హాస్టల్లో చొక్కాల తగాదాలు మీకు తెలుసు కదా!

నాయనమ్మ ఇప్పుడు కర్ర పట్టుకొని నడుస్తోంది. చెల్లి చేతి మీద మచ్చ పోలేదు. అది ఆ చేత్తోనే, సారీ, మా చెల్లి ఆ చేత్తోనే ఇప్పుడు నాకు ఉత్తరాలు రాస్తోంది.

తప్పులుంటే మన్నించండి, కాని నవ్వకండి. ఏమిటో అడగండి. సెలవు చీటీ రాయించుకొనేవాళ్ళు రాత్రి స్టడీ అవర్ అయ్యాక నా దగ్గరికి రండి. ప్రతి వాక్యానికీ "ఎవరు?" అని అడుగుతాను, విసుక్కోవద్దు. పెన్ను మాత్రం మీరే తెచ్చుకోవాలి.

– 9వ తరగతి విద్యార్థి