శ్మశానాల దొర, బ్రూక్లిన్ ముగ్గు

నెత్తిన పొడవాటి నల్లటోపీ, ముఖాన తెల్లరంగు, ఆరున్నర అడుగుల విగ్రహం. 1973లో వచ్చిన జేమ్స్‌బాండ్ సినిమా 'లివ్ అండ్ లెట్ డై' చివర్లో రైలింజను ముందు కూర్చుని విరగబడి నవ్వే శ్మశానాల దొర బారన్ సామెడిని చూసినవాళ్లు మరిచిపోరు. ఆ వేషం కట్టిన జెఫ్రీ హోల్డర్ బొమ్మలు వేసేవాడంటే, వయసు మళ్లిన నటుడి కాలక్షేపం అనుకుంటారు ఇక్కడి న్యూయార్క్ మిత్రులు. నాకు ఒళ్లు మండుతుంది. కథ తిరగేసి చెప్పాలి.

హోల్డర్ 1930లో ట్రినిడాడ్‌లో పుట్టాడు. కుంచె పట్టడం, అడుగు వెయ్యడం రెండూ అన్న బోస్కో దగ్గరే నేర్చాడు. బొమ్మలమ్మిన డబ్బుతో తన నాట్యబృందాన్ని అమెరికా తీసుకొచ్చాడు. 1950ల్లో గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్ వచ్చిందీ చిత్రకళకే. సినిమాలు ఆ తర్వాతి మాట.

ఆయన పుట్టిన గడ్డ కాకపోయినా హైతీ ఆయన్ని వదల్లేదు. 1954లో బ్రాడ్‌వే మీద 'హౌస్ ఆఫ్ ఫ్లవర్స్'లో మొదటిసారి బారన్ వేషం కట్టాడు. 1968లో ఆల్విన్ ఐలీ బృందానికి 'ద ప్రాడిగల్ ప్రిన్స్' అనే నృత్యం కూర్చాడు. సంగీతం, దుస్తులు కూడా ఆయనవే. అందులో నాయకుడు హెక్టర్ ఇపోలిత్ అనే హైతీ చిత్రకారుడు. వంశపారంపర్యంగా, హైతీ జనం మతమైన వోడూలో పూజారి. పొట్టకూటికి ఇళ్లకు, తలుపులకు రంగులేసేవాడు. మోంత్రూయి ఊళ్లో ఒక సారాకొట్టు తలుపు మీద అతను వేసిన పువ్వుల్నీ పిట్టల్నీ చూసే డెవిట్ పీటర్స్ అనే అమెరికన్ ఆరా తీశాడు. ఆ పీటర్సే 1944లో పోర్టోప్రిన్స్‌లో 'సాంత్ర్ దార్' అనే కళాకేంద్రం పెట్టాడు. ఏడాది తిరిగేసరికి ఫ్రెంచి సర్రియలిస్టు కవి ఆంద్రే బ్రెతోఁ వచ్చి ఇపోలిత్ బొమ్మలు కొనుక్కెళ్లాడు. 1948లో ఇపోలిత్ పోయాడు. పేరు మిగిలిందంతా ఆ నాలుగైదేళ్ల పనితోనే.

అంత తెలిసిన హోల్డర్ వోడూని క్షుద్రవిద్యగా చూపే ఆ బాండ్ సినిమాలో ఎందుకు నటించాడు? నన్ను వేధించే ప్రశ్న ఇదే. డబ్బుకే అనుకున్నా తప్పు పట్టలేను. నాట్యబృందాలు చప్పట్లతో బతకవు.

అసలు వోడూ నాకు కనపడింది బ్రూక్లిన్‌లోని ఫ్లాట్‌బుష్‌లో, మా పై వాటా హైతీ నర్సు పుణ్యాన. ఏటా నవంబరు మొదట్లో వాళ్లకు గేదే పండుగ, పోయినవాళ్ల పండుగ. ఆవిడ చుట్టాల నేలమాళిగకు నన్నూ రమ్మంది. నల్లబట్టల పెద్దాయన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి మొక్కజొన్న పిండి జారుస్తూ 'వేవే' గీశాడు: నడుమ సమాధి మీద శిలువ, అటూ ఇటూ శవపేటికలు. బారన్ గుర్తు అది. చెయ్యి తిప్పిన తీరు అచ్చం మా అమ్మ ముగ్గేసినట్టే. తేడా తర్వాత తెలిసింది. మా ఇంట్లో ముగ్గు తొక్కితే వీపు పగిలేది. అక్కడ డోలు మోగగానే అందరూ దానిమీదే ఆడారు, పిండి పాదాలకంటుకుని గీత మిగలనంతగా.

ఫోన్లో చెబితే అమ్మ, "చేతబడి చేసేవాళ్లింటికి ఎందుకెళ్లావురా?" అని కసిరింది. ముగ్గు సంగతి చెప్పగానే గొంతు మారిపోయింది. "చుక్కలు పెట్టారా? ఉత్త గీతలేనా?"

హోల్డర్‌కు మనవాళ్లూ తెలుసు. ట్రినిడాడ్‌లో ఆఫ్రికా, భారత సంతతుల కలయిక మీద 1974లో 'డూగ్లా' అనే నృత్యం చేశాడు. చెరకుతోటల కూలీలుగా ఆ దీవికి మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు మరి.

మొన్నొక రాత్రి నర్సుకు ఆ బాండ్ సినిమా చూపించాను, చిన్నబుచ్చుకుంటుందేమోనని జంకుతూనే. ఆవిడ చివరిదాకా చూసి పెదవి విరిచింది. వాళ్ల బారన్ మిరపకాయలు ఊరేసిన రమ్ము తాగుతాడు, చుట్ట కాలుస్తాడు, పెద్దా చిన్నా చూడకుండా సరసాలాడతాడు. ఆయన గొయ్యి తవ్వనిదే ఎవరికీ చావు రాదనీ, పసిపిల్లలకు మాత్రం అంత తొందరగా తవ్వడనీ నమ్మకం.

"వేషం బాగానే కట్టాడు. కానీ ఇంతసేపూ ఒక్క బూతు జోకైనా వెయ్యలేదు. వీడేం బారన్?" అంది.