చర్మం కింది రక్తప్రవాహం: శాతం దాచేసే తేడా

వడగాలుల మీద నోట్స్ రాసుకుంటుంటే ప్రతి పుస్తకంలోనూ ఒక వాక్యం తగులుతుంది: వృద్ధులకు ముప్పు ఎక్కువ. ఎందుకో మాత్రం చాలా మెటీరియల్‌లో ఉండదు. ఒంట్లోని వేడి బయటికి పోవడానికి ముఖ్యమైన దారులు రెండు. ఒకటి చెమట, రెండోది చర్మానికి ఎక్కువ రక్తాన్ని పంపడం. వయసు పైబడేకొద్దీ రెండూ మందగిస్తాయి. చెమట కంటికి కనిపిస్తుంది. మరి చర్మం కింది రక్తాన్ని కొలిచేదెలా? ఈసీఈ చదివినవాణ్ణి కదా, సిలబస్ పక్కనపెట్టి రెండు రోజులు దాని వెంటే పడ్డాను.

లేజర్ డాప్లర్ అనే పద్ధతి ఉంది. 1975లో మైకేల్ స్టెర్న్ దీన్ని వివరించాడు. చర్మం మీద పడిన లేజర్ కాంతి, కదిలే ఎర్రరక్త కణాలకు తగిలి కాస్త మారిన పౌనఃపున్యంతో తిరిగొస్తుంది. కణాలు ఎన్ని, ఎంత వేగంగా కదులుతున్నాయి అన్న రెండూ కలిసి ఒకే అంకెగా వస్తాయి. అది మిల్లీలీటర్లలో ఉండదు. 'పర్ఫ్యూజన్ యూనిట్' అని పేరు పెట్టుకున్న, సొంత అర్థం లేని కొలమానం అది. కాంతి దిగేది సుమారు ఒక మిల్లీమీటరు లోతుకే. ప్రోబ్‌ను కొన్ని మిల్లీమీటర్లు పక్కకు జరిపినా అంకె మారిపోతుంది. గది చల్లబడినా, కాఫీ తాగొచ్చినా అంతే.

అందుకే ఆ చోట చర్మాన్ని 42 నుంచి 44 డిగ్రీల దాకా వేడిచేసి, గరిష్ఠ ప్రవాహం ఎంతో చూసి, మిగతా కొలతలను అందులో శాతంగా చెప్పడం ఒక అలవాటు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఒక కుర్రాడి గరిష్ఠం 200, ఎండలో 120 అనుకుందాం. ఒక పెద్దాయన గరిష్ఠం 100, ఎండలో 60 అనుకుందాం. శాతంలో ఇద్దరూ అరవయ్యే. కానీ పెద్దాయన చర్మానికి అందిన రక్తం సగమే! ఆరోగ్యం మీద ఖర్చును జీడీపీలో శాతంగా చెప్పి పేద రాష్ట్రాన్నీ ధనిక రాష్ట్రాన్నీ ఒకే వరుసలో కూర్చోబెట్టే పట్టికలు మనకు కొత్త కాదు, ఇదీ ఆ కోవలోదే.

డీఎస్సీకి చదివే మా అక్క పుస్తకంలో విశ్వసనీయత, సప్రమాణత అని రెండు మాటలున్నాయి. మళ్లీ కొలిచినా అదే అంకె రావడం మొదటిది. కొలవాల్సినదాన్నే కొలవడం రెండోది. పై పట్టికలో మొదటిది నిక్షేపంగా ఉన్నా రెండోది జారిపోవచ్చు. నా మటుకు, వయసుల మధ్య పోలిక చూపే ఏ గ్రాఫ్‌లోనైనా శాతం పక్కన అసలు గరిష్ఠం కూడా ఇవ్వకపోతే నమ్మను.

2015 మేలో తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బకు వెయ్యి మందికి పైగా పోయారు. మా అమ్మమ్మకు 78 ఏళ్లు. నడి వేసవిలో కూడా "ఉక్కేముందిరా, ఫ్యాను తగ్గించు" అంటుంది. ఇంట్లో ఉన్న రోజుల్లో ఆ మాట పట్టించుకోను. గంటకోసారి మజ్జిగిచ్చి, తడిగుడ్డతో చేతులూ మెడా తుడుస్తాను. తిడుతూనే తుడిపించుకుంటుంది.