కొల్లేటి నుంచి సాగర సంగమం దాకా

గోల్కొండ సుల్తానుల కాలంలో హజ్ యాత్రికులు మా బందరు రేవులోనే ఓడ ఎక్కేవారు. అటువంటి ఊళ్లో పుట్టి, ప్రయాణికుని నమాజు నియమాలను మదరసాలో ఏటేటా బోధిస్తూ కూడా, మా చుట్టూ ఉన్న నేలను నేను సరిగా చూడలేదు. మొన్నటి జనవరి సెలవుల్లో రెండు రోజులు వెచ్చించి ఆ లోటు కొంత తీర్చుకున్నాను. మా అబ్బాయి కారు నడిపాడు. నా భార్య, కుమార్తె, ఎనభై దాటిన మా అమ్మీ వెంట వచ్చారు. పొద్దున బయలుదేరడం, రాత్రికి ఇల్లు చేరడం. ఏ రోజూ మా గమ్యం డెబ్భై ఎనిమిది కిలోమీటర్లకు మించలేదు. కాబట్టి హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం మేము ముసాఫిర్లమే కాము. నమాజులు ఖస్ర్ చేయక పూర్తిగానే చదువుకున్నాం.

కొల్లేటి పక్షులను చూడాలన్నది మా అమ్మాయి కోరిక. అమ్మీ కోరిక వేరు. "రెండో రోజు నన్ను దివిసీమకు తీసుకువెళ్లు" అన్నది. ఆ మాట ఆమె నోట రావడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది.

మొదటి రోజు పెడన, గుడ్లవల్లేరు మీదుగా గుడివాడ చేరి, అక్కడ టీ తాగి కైకలూరు వైపు సాగాం. మంచు విడేసరికి ఆటపాక పక్షుల కేంద్రంలో ఉన్నాం. నీళ్ల మధ్య నిలిపిన ఇనుప స్టాండ్ల మీద, చెట్ల కొమ్మల మీద గూడబాతులు కిక్కిరిసి ఉన్నాయి. తల్లి పక్షి నోరు తెరిస్తే, పిల్ల తన తలను ఆ గొంతు సంచిలో దూర్చి మేత తీసుకుంటున్నది. మా అమ్మాయి గట్టు వెంట నడుస్తూ మధ్యాహ్నం దాకా కదలలేదు. అమ్మీ కూడా కుర్చీలో కూర్చుని, రెక్క విప్పిన ప్రతి పక్షికీ "సుబ్హానల్లాహ్" అంటూ ఉన్నది.

కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఏర్పడిన మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు వంటి వాగులు తెచ్చిన వరదను తనలో నిలుపుకొని, ఉప్పుటేరు ద్వారా మెల్లగా సముద్రానికి వదులుతుంది. 2024 సెప్టెంబరులో విజయవాడ పేటలను ముంచిన బుడమేరు చివరకు చేరవలసింది ఇక్కడికే. ఇది 1999లో అభయారణ్యమైంది; 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తింపు పొందింది. అయినా సరస్సు కడుపులో చేపల చెరువుల గట్లు లేస్తూనే వచ్చాయి. 2006లో ప్రభుత్వం పెద్ద ఎత్తున ఆ గట్లను తెగ్గొట్టించింది. మేము చూసిన రోజున మాత్రం దారి పొడవునా మళ్లీ గట్లే కనిపించాయి.

ఇతరులను నిందించి ఊరుకోవడం సులభం. మధ్యాహ్నం కైకలూరులో మేము భోంచేసిన చేప కూడా చెరువు చేపే. ఆ చెరువుల మీద వేల కుటుంబాలు బతుకుతున్నాయి. కానీ నీరు నిలవవలసిన చోటును మనిషి తీసుకుంటే, ఆ నీరు మనిషి నిలవవలసిన చోటికి వస్తుంది. సరస్సుకు మనం పడిన బాకీ అది. బాకీ అన్న మాట ఆ సాయంత్రం నా మనసులో మెదలడానికి కారణం మా మామూ.

మామూ అమ్మీకి అన్నగారు. సైకిలు మీద బట్టల మూట కట్టుకుని దివిసీమ పల్లెల్లో వాయిదాల మీద అమ్మేవారు. 1977 నవంబరు 18, శుక్రవారం నాడు బందరులో జుమా నమాజు చదివి, కోడూరు వైపు బాకీలు వసూలు చేసుకు వస్తానని వెళ్లారు. మరునాడు తుఫాను. సముద్రం తాటిచెట్టు ప్రమాణాన లేచి ఊళ్ల మీద పడిందని చూసినవాళ్లు చెప్పుకున్నారు. ప్రభుత్వ లెక్కల ప్రకారమే సుమారు 10 వేల మంది మరణించారు. బందరుకు ఇటువంటి దెబ్బ కొత్త కాదు. 1864 నాటి ఉప్పెన ఇక్కడ సుమారు 30 వేల మందిని తీసుకుపోయింది. మామూ తిరిగి రాలేదు. ఆయనకు సమాధి లేదు. అప్పుడు నాకు ఆరేళ్లు.

కొన్ని నెలల తరువాత ఒక మనిషి మా గుమ్మం ముందు నిలబడ్డాడు. ఒంటి మీద సహాయ శిబిరంలో ఇచ్చిన చొక్కా. తన కూతురి పరికిణీ గుడ్డకు పదకొండు రూపాయలు బాకీ ఉన్నానని చెప్పి, లెక్కపెట్టి అమ్మీ చేతిలో పెట్టాడు. ఇల్లు, గొడ్డు, భార్య పోయాయని అడిగితే చెప్పాడు. కూతురి సంగతి అడగడానికి అమ్మీకి ధైర్యం చాలలేదు. డబ్బు వద్దంటే ఆయన ఒప్పుకోలేదు. ఆ గాభరాలో పేరు, ఊరు అడగడం మరచిపోయానని అమ్మీ ఇప్పటికీ నొచ్చుకుంటుంది.

రెండో రోజు చల్లపల్లి, మోపిదేవి దాటి పులిగడ్డ చేరాం. అక్కడ కృష్ణ రెండుగా చీలుతుంది; ఆ రెండు పాయల నడుమ నేలే దివిసీమ. అక్విడక్టు మీదుగా సాగుకాలువ నదీపాయను దాటిపోవడం చూసి పిల్లలు ఆశ్చర్యపడ్డారు. అవనిగడ్డ, కోడూరు మీదుగా వరి కోసిన పొలాలు, రొయ్యల చెరువులు చూస్తూ హంసలదీవి వైపు వెళ్లాం. పాలకాయతిప్ప దగ్గర అమ్మీని, నా భార్యను ఒక ఇంటి నీడన కూర్చోబెట్టి, పిల్లలూ నేనూ ఇసుక బాట పట్టి గంటకు పైగా నడిచాం.

దారికి ఒక పక్క మడ అడవి. బురదలోంచి పైకి పొడుచుకువచ్చిన ఊపిరి వేళ్లు, వాటి మధ్య పరుగెత్తే ఎర్ర పీతలు. ఈ చెట్లు అల వేగాన్ని విరుస్తాయి, ఒడ్డు మట్టిని పట్టి ఉంచుతాయి. కొల్లేరు వరదకు చోటిచ్చినట్లే, మడ అడవి ఉప్పెనకు అడ్డు నిలుస్తుంది. చివరకు సంగమం. ఒకవైపు నది రంగు, మరోవైపు సముద్రపు రంగు, మధ్యలో ఇసుక తిన్నె. ఎన్నడూ నోరు కట్టుకోని మా అమ్మాయి అక్కడ ఏమీ మాట్లాడలేదు. అక్కడే జుహ్ర్ నమాజు చదివి, మామూ కోసం, పేరు తెలియని ఆ మనిషి కూతురి కోసం దుఆ చేశాను.

తిరిగి వచ్చేసరికి అమ్మీ ఆ ఇంటావిడతో మాటల్లో ఉంది. తుఫానుకు ముందు సైకిలు మీద బట్టలమ్మే సాయిబు ఒకాయన వచ్చేవాడు, విన్నావా అని అడుగుతున్నది.

"నేను తుఫాను తరువాత పుట్టినదాన్నమ్మా. అప్పటి సంగతులు చెప్పేవాళ్లు మా ఊళ్లో ఎక్కువ మంది మిగల్లేదు" అన్నది ఆవిడ.

అమ్మీ కొంతసేపు ఊరుకుంది. తరువాత ఆవిడ చేయి పట్టుకుని పదకొండు రూపాయల సంగతి మొదటినుంచి చెప్పింది. "ఇక నువ్వు చెప్పు నీ పిల్లలకు. ఈ నేల మనుషులు బాకీ ఉంచుకోరని చెప్పు" అన్నది.

అస్ర్ వేళకు బయలుదేరాం. బందరు చేరే దాకా కారులో ఎవరమూ పెద్దగా మాట్లాడుకోలేదు.